మీకు తెలుసా? లైటు ఆరినా కారు మరచిపోదు

డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు ఆరిపోయినా, ఆ లోపం కోడు కారు కంప్యూటర్ జ్ఞాపకంలో చాలాకాలం ఉంటుంది. కార్ల స్వీయ తనిఖీ ప్రమాణమైన ఓబీడీ-2 నియమాల ప్రకారం వరుసగా 3 ప్రయాణాల్లో లోపం కనిపించకపోతే ఇంజిన్ లైటు ఆరిపోతుంది. కోడు చెరిగిపోవాలంటే మాత్రం ఇంజిన్ సాధారణంగా 40 సార్లు చల్లారి మళ్లీ వేడెక్కాలి.

• ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు ఏదైనా తేడా తగిలితే, ఇంజిన్ కంప్యూటర్‌లో తరచూ పీ0700 కోడు పడుతుంది. అది ఫిర్యాదు ఉందని మాత్రమే చెబుతుంది. అసలు జబ్బు పేరు తెలియాలంటే గేర్‌బాక్స్ కోడ్లు విడిగా చదవాలి. ఒక్కోసారి దోషం గేర్‌బాక్స్‌ది కాదు, నీరసించిన బ్యాటరీది.

• పాత కారు అమ్మేవారు కోడ్లు చెరిపేసినా ఆనవాలు మిగులుతుంది. స్టీరింగ్ కింది సాకెట్‌కు స్కానర్ పెడితే, చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా కార్లు చెప్పేస్తాయి. అంకె మరీ చిన్నదైతే అనుమానించాల్సిందే.

• భద్రాచలం దగ్గర 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి వరద నీటిలో నానిన కారులో వైరు కనెక్టర్ల పిన్నులకు పచ్చని చిలుము పడుతుంది. అప్పుడు లైటు గతుకుల్లో వెలిగి, నున్నటి రోడ్డు మీద ఆరిపోవచ్చు. అందుకే ఆ వైపున్న ఖమ్మంలో పాత కారు కొనడానికి చూస్తే ఊళ్లో ఒక చుట్టుతో సరిపెట్టకండి. కొత్తగూడెం, పాల్వంచల మీదుగా అడవి దారిలో నడిపి చూడండి.