చలిలో దూరపు సైకిల్ ప్రయాణం – జట్టే మన దుప్పటి

బెల్లంపల్లిలో పెరిగిన మనకు సైకిల్ గురించి గానీ, చలి గురించి గానీ ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఉదయం 7 గంటల ఫస్ట్ షిఫ్ట్ అందుకోవాలని మంకీ క్యాప్ పెట్టుకుని, క్యారియర్‌కు టిఫిన్ డబ్బా కట్టుకుని మంచులో సైకిల్ తొక్కిన తండ్రుల పిల్లలం మనం. అయితే ఆగకుండా 200, 600, 1200 కిలోమీటర్లు సైకిల్ తొక్కే కార్యక్రమాలు ఉన్నాయని మన హాస్టల్లో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా "అది డబ్బున్నోళ్ళ ఆట" అంటారు. మా ఇళ్ళలో డిగ్రీ దాటి పి.జి.కి వచ్చినవాళ్ళం మేమే మొదటివాళ్ళం. ఒకప్పుడు చదువు గురించి కూడా ఇదే మాట విన్నాం. అందుకే ఈ విషయం తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు వివరంగా చెప్పాలనుకున్నాం.

బ్రెవే అంటే ఏమిటి?

ఈ దూరపు ప్రయాణాలను "బ్రెవే" అంటారు. ఫ్రెంచి భాషలో ఈ మాటకు సర్టిఫికెట్ అని అర్థం. 200 కి.మీ. 13.30 గంటల్లో, 300 కి.మీ. 20 గంటల్లో, 400 కి.మీ. 27 గంటల్లో, 600 కి.మీ. 40 గంటల్లో పూర్తి చేయాలి. ఒకే సంవత్సరంలో ఈ నాలుగూ పూర్తి చేసినవారిని "సూపర్ రాండనర్" అంటారు. ఇది పందెం కాదు. ఫస్టు, సెకండు ఉండవు. దారిలో కంట్రోల్ పాయింట్లు ఉంటాయి. అక్కడికి గడువులోపల చేరాలి, మరీ తొందరగా చేరినా లెక్కలోకి రాదు. బండి పాడైతే మనమే బాగుచేసుకోవాలి, తిండి మనమే చూసుకోవాలి.

200 కి.మీ. అంటే దాదాపు ఇక్కడినుండి కరీంనగర్ వెళ్ళి తిరిగి వచ్చినంత. సగటున గంటకు 15 కి.మీ. వస్తే చాలు. గేర్ల సైకిలే ఉండాలన్న నియమం లేదు. ముందు లైటు, వెనక ఎర్రలైటు, మెరిసే జాకెట్, హెల్మెట్ మాత్రం తప్పనిసరి. మన రాష్ట్రంలో హైదరాబాద్ రాండనర్స్ అనే సంస్థ ఈ బ్రెవేలు నిర్వహిస్తోంది.

ఎలా మొదలైంది?

1891లో ఫ్రాన్సులో పారిస్ నుండి బ్రెస్ట్ పట్టణం దాకా వెళ్ళి తిరిగి వచ్చే 1200 కి.మీ. పందెం జరిగింది. షార్ల్ తెరాఁ అనే ఆయన 72 గంటల లోపే ముగించి గెలిచాడు. ఇప్పుడది పందెం కాదు, నాలుగేళ్ళకు ఒకసారి జరిగే మహాయాత్ర. ఎక్కువమందికి గడువు 90 గంటలు. 1897లో ఇటలీలో కొందరు సైక్లిస్టులు రోమ్ నుండి నేపుల్స్ దాకా సుమారు 230 కి.మీ. పగటివేళలోనే జట్టుగా తొక్కారు. వారిని "ఆడాక్స్" అన్నారు, అంటే సాహసులు. 1904లో పారిస్‌లో ఆ పేరుతోనే క్లబ్బు పుట్టింది. ప్రపంచమంతటా బ్రెవేలకు గుర్తింపు ఇచ్చేది ఆ క్లబ్బే.

2019 ఆగస్టులో జరిగిన పారిస్–బ్రెస్ట్–పారిస్‌కు మన దేశం నుండి వందలమంది వెళ్ళారు. ఎదురుగాలి, దానికితోడు రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి పడిపోవడంతో ఎందరో మధ్యలో ఆగిపోయారు. వాళ్ళు కాళ్ళల్లో సత్తువ లేనివాళ్ళు కారు. ముందుగా బ్రెవేలు పూర్తి చేసి అర్హత సాధించినవాళ్ళే!

చలి ఏం చేస్తుంది?

మన పక్కనే ఉన్న సిర్పూర్(యు), గిన్నెధరి వంటి చోట్ల డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు 6 డిగ్రీల కిందికి పోతాయి. సైకిల్ మీద గాలి తోడై చలి ఇంకా పెరుగుతుంది. 10 డిగ్రీలున్నప్పుడు గంటకు 20 కి.మీ. వేగంతో వెళితే ఒంటికి 7 డిగ్రీలలాగా ఉంటుంది. చెమటతో తడిసిన బట్టలతో ఆగితే ఒంట్లో వేడి త్వరగా పోతుంది.

శరీరంలోపలి వేడి మామూలుగా 37 డిగ్రీలుంటుంది. అది 35 కిందికి పోతే ప్రమాదం. మొదట వణుకు వస్తుంది. తరువాత వేళ్ళు మాట వినవు, బ్రేకు పట్టలేము. మాట తడబడుతుంది, ఆలోచన మందగిస్తుంది. చివరికి వణుకు కూడా ఆగిపోతుంది. "చలి తగ్గింది" అని అతను అనుకుంటాడు గానీ అసలు ప్రమాదం అప్పుడే. అంటే చలి పట్టినవాడికి తనకు చలి పట్టిన సంగతి తెలియదు. పక్కవాడికే తెలుస్తుంది. జట్టు అవసరం ఇక్కడే ఉంది.

జట్టుగా ఎలా వెళ్ళాలి?

1. అందరికంటే నెమ్మదిగా తొక్కేవాడి వేగమే జట్టు వేగం. వేగంగా వెళ్ళి చలిలో నిలబడి ఎదురుచూస్తే ఇద్దరికీ నష్టమే.
2. ముందున్నవాడు గాలిని కోస్తాడు, వెనకున్నవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే వంతులవారీగా ముందుకు రావాలి. గుంత, లారీ కనపడితే ముందున్నవాడు కేకేసి చెప్పాలి.
3. ఇద్దరిద్దరు జతగా ఉండాలి. అరగంటకోసారి జతగాడితో మాట్లాడాలి. జవాబు తడబడితే వెంటనే ఆగాలి.
4. ఆగితే గోడ చాటునో, హోటల్ లోపలో ఆగాలి. పది నిమిషాలకు మించవద్దు.
5. చలి పట్టినవాడికి తడిబట్టలు విప్పి పొడివి వేయాలి, దుప్పటి కప్పాలి. తెలివిలో ఉంటే వేడివేడి తియ్యటి చాయ్ పట్టాలి. మందు తాగితే వేడెక్కుతుందనేది భ్రమ, వేడి ఇంకా పోతుంది. మాట తడబడినా, వణుకు ఆగి మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయాలి.

బట్టలు, తిండి

కాటన్ బనీను చెమటను పట్టుకుని వదలదు. లోపల పాలిస్టర్ ఆటల టీషర్టు, దానిమీద స్వెటర్, పైన గాలి ఆపే రెయిన్‌కోటు వేసుకోవాలి. కోటు లేకపోతే పాత న్యూస్‌పేపర్ నాలుగు మడతలు పెట్టి ఛాతీమీద చొక్కా లోపల పెట్టుకోవచ్చు. పాతకాలపు యూరప్ సైక్లిస్టులు చేసిన పనే ఇది. సాక్సు మీద పాలిథిన్ కవరు వేసి బూటు తొడిగితే కాళ్ళకు గాలి తగలదు. చలిలో దాహం తెలియదు, అయినా నీళ్ళు తాగుతూ ఉండాలి. గంటకోసారి అరటిపండో, పల్లిపట్టీయో, బెల్లం అటుకులో తినాలి. ఖాళీ కడుపుతో ఒంట్లో వేడి పుట్టదు.

చివరగా ఒక మాట

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మనలాగే సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవాళ్ళే. భువనగిరి రాళ్ళమీద మొదలుపెట్టి అంతదూరం వెళ్ళారు. మనం మంచిర్యాల దాకా 20 కి.మీ.తో మొదలుపెడదాం. వార్డెన్ గారి అనుమతితో, తెల్లారిన తరువాత, బొగ్గు టిప్పర్ల రద్దీ లేని ఆదివారం వెళదాం. తరువాత ఆసిఫాబాద్, ఆ తరువాత 200. మధ్యలో ఎవరికైనా బాగాలేకపోతే అందరం కలిసి ఆగుదాం. బ్రెవే మళ్ళీ వస్తుంది, దోస్తు మళ్ళీ రాడు.