మొదటి సీజన్‌లో కుర్రాణ్ణి ఆడిస్తారా? ఉక్కునగరం తాతగారి ప్రశ్న, గాజువాక నితీశ్ కథ

ఈ వారం టాపిక్ నేను ఎంచుకున్నది కాదండీ, ఉక్కునగరం నుంచి ఒక పెద్దాయన నా చేతికిచ్చింది. స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు. మనవడు అమెరికాలోనే పుట్టి పెరిగాడు. ఈ ఏడాది అక్కడ కాలేజీలో చేరాడు, కాలేజీ ఫుట్‌బాల్ టీములోకి తీసుకున్నారు. పొజిషన్ లైన్‌బ్యాకర్. ఫుట్‌బాల్ అంటే మన కాలితో తన్నే ఆట కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునే ఆట.

పెద్దాయన అడిగింది ఒకటే. "బాబూ, నాకు 74 నిండాయి. ఈ మోకాళ్ళు ఇంకొక్క అమెరికా ప్రయాణానికి ఓర్చుకుంటాయేమో. వాడు గ్రౌండులో దిగి ఆడుతుంటే చూడాలి. ఈ సెప్టెంబరుకే టికెట్టు తియ్యమంటావా, ఆగమంటావా?"

నాకు క్రికెట్ తెలుసు, కబడ్డీ కొంచెం తెలుసు. ఈ ఆట గురించి మాత్రం నాలుగు రోజులు కూర్చుని చదువుకున్నాను. చదివేకొద్దీ నాకు మన గాజువాక కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి గుర్తొస్తూనే ఉన్నాడు. ఎందుకో చెప్తాను. ముందు ఆ లైన్‌బ్యాకర్ సంగతి చూద్దాం.

డిఫెన్స్‌లో పదకొండు మంది ఉంటారు. ముందు వరసలో భారీ మనుషులు, వెనకాల బాగా పరిగెత్తేవాళ్ళు. ఈ రెండిటికీ మధ్య నిలబడేవాడే లైన్‌బ్యాకర్. అవతలివాళ్ళు బంతి పట్టుకుని పరిగెడితే ఎదురెళ్ళి పడగొట్టాలి, గాల్లోకి విసిరితే వెనక్కి పరిగెత్తి ఆ బంతి అందకుండా చూడాలి. రెండిట్లో ఏది జరగబోతోందో ఒక్క క్షణంలో పసిగట్టాలి. కబడ్డీ చూసేవాళ్ళకి కవర్‌లో నిలబడే డిఫెండర్ గుర్తొస్తాడు కదా? తొందరపడితే పాయింటు ఇచ్చేస్తాడు, ఆలస్యం చేస్తే రైడర్ జారిపోతాడు. ఇంచుమించు ఆ ఉద్యోగమే.

కష్టం బలంలో లేదు, ఆ పసిగట్టడంలో ఉంది. స్కూల్లో వీడే అందరికంటే పెద్దవాడు కాబట్టి తప్పు వైపు అడుగేసినా తిరిగొచ్చి పట్టేసేవాడు. కాలేజీలో ఎదురుగా ఉన్నవాడికి 22 ఏళ్ళు, నాలుగేళ్ళుగా జిమ్‌లో పెరిగిన ఒళ్ళు. అక్కడ తప్పు అడుగు వేస్తే ఇక తిరిగి రావడం ఉండదు. అందుకే మొదటి ఏడాది పిల్లల్ని, వాళ్ళు ఫ్రెష్‌మన్ అంటారు, కోచ్‌లు ఈ స్థానంలో వెంటనే దింపడానికి జంకుతారు. పెద్ద కాలేజీల్లో టీము అంటే వందమంది దాకా ఉంటారు. లైన్‌బ్యాకర్లుగా ఒకేసారి దిగేది ఇద్దరో, ముగ్గురో, మహా అయితే నలుగురు. దానికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని ఒకటుంది. ఇంకో కాలేజీలో రెండేళ్ళు ఆడినవాడు నేరుగా వచ్చి ముందు నిలబడతాడు. మనవాడు క్యూలో ఒక అడుగు వెనక్కి వెళ్తాడు.

అయితే అక్కడ ఒక మంచి ఏర్పాటు ఉంది. రెడ్‌షర్ట్ అంటారు. కుర్రాడికి చేరిన దగ్గర్నుంచి ఐదేళ్ళు గడువిస్తారు, అందులో నాలుగు సీజన్లు ఆడొచ్చు. అంటే ఒక ఏడాది ఆడకుండా ప్రాక్టీసు చేసుకున్నా లెక్కలోకి రాదు. 2018 నుంచి ఇంకో వెసులుబాటు ఇచ్చారు. పెద్ద కాలేజీల్లో ఆ ఏడాది నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా సరే, సీజన్ ఖర్చు కాదు. (ఈ రూల్సు తరచూ మారుస్తుంటారు, కాబట్టి మనవణ్ణే అడిగి కనుక్కోండి.) ఆ ఏడాది వాడు చేసే పని ఏంటంటే, ప్రాక్టీసులో వచ్చే వారం ప్రత్యర్థిలాగా ఆడటం. తన టీము కుర్రాళ్ళు సిద్ధపడటానికి దెబ్బలు తినడం. పేపర్లో పేరు రాదు.

ఇప్పుడు గాజువాక వద్దాం.

నితీశ్ 2003 మే 26న పుట్టాడు. 2017-18లో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు. సగటు 176. నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లో 441. స్కూలు స్థాయి హీరో అంటే ఇంతకంటే ఉండదు. బీసీసీఐ ఆ ఏడాది ఉత్తమ అండర్-16 క్రికెటర్ అవార్డు ఇచ్చింది. గాజువాకలో ఎవర్నడిగినా రెండేళ్ళలో ఇండియాకి ఆడేస్తాడనే అనేవారు.

ఏం జరిగింది? 2020 జనవరిలో ఆంధ్ర తరఫున రంజీలోకి వచ్చాడు. అక్కడ 441లు లేవు. 2024 నవంబరులో టెస్టు క్యాప్ అందుకునేనాటికి అతను ఆడింది 23 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు, బ్యాటింగ్ సగటు 21 దగ్గర. ఇది చూసి ఎవరైనా "పిల్లప్పుడు బాగా ఆడాడు, ఇప్పుడు పోయింది" అనేస్తారు. అన్నారు కూడా. కానీ పక్క కాలమ్ చూడండి. 56 వికెట్లు! అండర్-16లో బ్యాట్‌తో వీరంగం వేసిన కుర్రాడు, పెద్దవాళ్ళ క్రికెట్లో నిలబడింది బంతి పట్టుకుని. ఆ పెద్దాయన మనవడికి కూడా పనికొచ్చే సంగతి ఇదే. కొత్తవాణ్ణి టీములో ఉంచేది చాలాసార్లు వాడి మొదటి విద్య కాదు, రెండోది.

ఐపీఎల్ చూద్దాం. సన్‌రైజర్స్ హైదరాబాద్ 20 లక్షల బేస్ ప్రైస్‌కి తీసుకుంది. 2023 అతని మొదటి సీజన్. ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో గుర్తుందా? రెండు. బ్యాటింగ్ రానే లేదు, వికెట్ పడలేదు. ఆ సీజన్ అయ్యాక స్కోర్‌బోర్డు మాత్రమే చూసేవాడు ఏమంటాడు? సున్నా అంటాడు. నేనైతే దాన్ని నితీశ్ రెడ్‌షర్ట్ ఏడాది అంటాను. నెట్స్‌లో అంతర్జాతీయ బౌలర్లని ఆడుతూ, డగౌట్‌లో కూర్చుని చూస్తూ రెండు నెలలు.

మరుసటి ఏడాది 2024 ఏప్రిల్ 9, ముల్లన్‌పూర్. పంజాబ్ మీద సన్‌రైజర్స్ 39కి మూడు వికెట్లు పోగొట్టుకుంది. హెడ్ లేడు, మార్‌క్రమ్ లేడు, అభిషేక్ లేడు. అప్పుడు ఈ కుర్రాడు 37 బంతుల్లో 64 కొట్టాడు, తర్వాత బంతి తీసుకుని జితేశ్ శర్మ వికెట్ తీశాడు, టీము రెండే రెండు పరుగులతో గెలిచింది. ఆ సీజన్ మొత్తం 303 పరుగులు, ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు. 20 లక్షల కుర్రాణ్ణి తర్వాత 6 కోట్లకి అట్టిపెట్టుకున్నారు.

టెస్టు టీములోకి ఎలా వచ్చాడు? సగటు 21తో ఎవరికీ తలుపు తెరవరు కదా. ఖాళీ ఉంది కాబట్టి తెరిచారు. హార్దిక్ పాండ్యా 2018 తర్వాత టెస్టు ఆడలేదు. ఆస్ట్రేలియా పిచ్‌ల మీద నాలుగో పేసర్‌గా కొన్ని ఓవర్లు వేసి, కింద బ్యాటింగ్ చేసేవాడు కావాలి. ఆ కుర్చీ ఖాళీ. పెర్త్‌లో మొదటి ఇన్నింగ్స్‌లో ఇండియా 150కి ఆలౌట్ అయితే అందులో అత్యధిక స్కోరు అరంగేట్రం చేసిన ఇతనిదే, 41. అడిలైడ్‌లో రెండు ఇన్నింగ్స్‌లోనూ 42, 42.

ఇక మెల్‌బోర్న్ గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. విశాఖవాణ్ణి. డిసెంబరు 28. ఆస్ట్రేలియా 474 చేసింది. మనవాళ్ళు 191కి ఆరు. ఎనిమిదో స్థానంలో వచ్చాడు. కాసేపటికి జడేజా కూడా వెళ్ళిపోయాడు. వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 పరుగులు జోడించాడు. 99 మీద అవతలి ఎండ్‌లో ఉన్నాడు, తొమ్మిదో వికెట్ పడింది, సిరాజ్ వచ్చాడు. కమిన్స్ బౌలింగ్‌లో సిరాజ్ ఆడాల్సినవి మూడు బంతులు. మా వీధిలో ఉదయాన్నే టీవీల ముందు ఊపిరి బిగబట్టుకున్నాం. సిరాజ్ ఆ మూడూ కాచాడు. తర్వాత ఓవర్లో బోలాండ్‌ని నితీశ్ మిడాన్ మీదుగా ఫోర్ కొట్టాడు. స్టాండ్స్‌లో వాళ్ళ నాన్న ముత్యాల రెడ్డి గారు ఏడుస్తూ దండం పెట్టడం మీరంతా చూసే ఉంటారు. ఆ మ్యాచ్ మనం ఓడిపోయాం, అది వేరే సంగతి.

ఆయన గురించి ఒక్క మాట. హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం. ఉదయ్‌పూర్ బదిలీ అయితే, అక్కడికెళ్తే కొడుకు ఆట పాడవుతుందని ఉద్యోగమే వదిలేశారు. ఈ కథ చెప్పి చాలామంది తండ్రులు నన్ను "మేమూ మానేద్దామా?" అని అడుగుతుంటారు. వద్దండీ. ఆయన ఉద్యోగం వదిలినప్పటికి కుర్రాడు చిన్నపిల్లాడు, మెల్‌బోర్న్ వచ్చేసరికి 21 ఏళ్ళు. మధ్యలో ఇంట్లో డబ్బులకి ఎంత ఇబ్బంది పడ్డారో నితీశే చెప్పాడు. గెలిచినవాళ్ళ ఇంటికే కదా కెమెరాలు వెళ్ళేది.

అందరికీ ఖాళీ కుర్చీ దొరకదు. మన విశాఖ కుర్రాడే కె.ఎస్. భరత్ ఉన్నాడు. రంజీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొదటి వికెట్ కీపర్, 2015లో గోవా మీద 308. టెస్టు టీముతో పాటు తిరగడం 2019లో మొదలైంది. టెస్టు ఆడింది 2023 ఫిబ్రవరిలో, అదీ పంత్ కారు ప్రమాదంలో గాయపడ్డాక. 2021 కాన్పూర్‌లో సాహా మెడ పట్టేస్తే సబ్‌స్టిట్యూట్‌గా గ్లవ్స్ వేసుకుని అద్భుతంగా కీపింగ్ చేశాడు. తర్వాత మళ్ళీ బెంచీ. ప్రతిభ తక్కువై కాదు, ముందున్నవాళ్ళు పంత్, సాహా. మనవడి విషయంలో కూడా వాడెంత గట్టివాడు అనేదానికంటే ముందు, వాడి ముందు ఎవరున్నారు అని అడగాలి.

ఇంకోటి, ఇది మన ఊళ్ళో జరిగిందే. 2005 ఏప్రిల్ 5. పి.ఎం. పాలెం కొత్త స్టేడియంలో మొదటి వన్డే, పాకిస్తాన్‌తో. అంతకుముందు ధోనీ ఆడిన నాలుగు ఇన్నింగ్స్ 0, 12, 7, 3. కింద ఎక్కడో బ్యాటింగ్. ఆ రోజు గంగూలీ మూడో స్థానంలో పంపాడు. 123 బంతుల్లో 148. ధోనీ ఒక్క రాత్రిలో మారిపోలేదు కదా, మారింది వాణ్ణి నిలబెట్టిన చోటు. కొత్తవాడి మొదటి నెల అంకెలు చూసి తీర్పు చెప్పేవాళ్ళకి నేను ఎప్పుడూ ఈ నాలుగు అంకెలే చెప్తుంటాను.

నా గొడవ కూడా చెప్పి ముగిస్తాను, ఎలాగూ నోరు జారాను. నేనూ ఒక క్లబ్బుకి మీడియం పేస్ వేశాను. మొదటి సీజన్ అంతా నీళ్ళసీసాలు మోశాను. రెండో ఏడాది మా సీనియర్ బౌలర్‌కి షిఫ్టు మారి ఆటకి రాలేకపోయాడు. నా కోసం కబురు పెట్టారు. అప్పటికే నేను అలిగి మానేసి మూడు నెలలైంది. ఆ కబురు ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంటుంది.

సరే తాతగారూ, మీ టికెట్టు సంగతి. మనవణ్ణి ఫోన్‌లో "ఆడిస్తున్నారా?" అని అడక్కండి, వాడికి ప్రాణం ఉసూరుమంటుంది. "నీ స్థానంలో సీనియర్లు ఎంతమంది, వచ్చే ఏడాది ఎంతమంది వెళ్ళిపోతారు?" అని అడగండి. ఇంకోటి, "కిక్ఆఫ్ టీములో ఉన్నావా?" అని అడగండి. ఇది ముఖ్యం. ఆట మొదట్లో, పాయింట్లు వచ్చాక, బంతిని దూరంగా తన్ని అందరూ దాని వెంట పరిగెడతారు. కొత్త లైన్‌బ్యాకర్లు చాలామంది ముందు గ్రౌండులో అడుగుపెట్టేది అక్కడే. వాళ్ళకి నితీశ్ బౌలింగ్ లాంటిది అది, రెండో విద్య. ఉన్నానంటే మాత్రం మీరు ఈ ఏడాదే వెళ్ళొచ్చు. సెప్టెంబరు మొదట్లో పెద్ద కాలేజీలు చాలావరకు చిన్న జట్లని సొంత గ్రౌండుకి పిలుస్తాయి. ముందంజ బాగా ఉంటే ఆఖరి క్వార్టర్‌లో బెంచీవాళ్ళని దింపుతారు కూడా.

లేను, ఇంకా బరువు పెంచుతున్నారు, ప్రాక్టీసులో ప్రత్యర్థిలా ఆడిస్తున్నారు అంటే మాత్రం ఆగండి. మోకాళ్ళకి ఫిజియోథెరపీ చేయించుకోండి, వచ్చే సెప్టెంబరుకి తీసుకోండి. వీసా, ఇన్సూరెన్స్ కాయితాలు మాత్రం ఇప్పుడే చూసి పెట్టుకోండి, ఆలస్యం అక్కడే అవుతుంది. ఈలోగా వాళ్ళ శనివారం మధ్యాహ్నం మ్యాచ్ మనకి శనివారం రాత్రి పొద్దుపోయాక వస్తుంది. మీ అమ్మాయిని అడిగి ఫోన్‌లో పెట్టించుకోండి. వాడి జెర్సీ నంబరు ఒక కాయితం మీద రాసుకుని పక్కన పెట్టుకోండి, హెల్మెట్‌లో మొహం కనపడదు. కిక్ఆఫ్ అప్పుడు టీ కోసం లేవకండి.