చిలగడదుంపా? బంగాళాదుంపా?

చలికాలంలో ఒక సాయంత్రం మాకు తెలిసిన ఒక కుటుంబాన్ని చూడడానికి వెళ్ళాం. మేము గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆ ఇంటి తల్లి పిల్లల ముందున్న గిన్నెను గబగబా తీసి వంటింట్లో పెట్టేసింది. పెద్దబ్బాయి చేతిలో ఇరవై రూపాయలు పెట్టి వీధి చివర కొట్టుకు పంపింది. వాడు రెండు బంగాళాదుంప చిప్సు ప్యాకెట్లు తెచ్చాడు. వాటిని పళ్ళెంలో పోసి మా ముందుంచారు. అంతలో ఆ ఇంటి చిన్నపిల్ల, దాచిన గిన్నెను తానే మోసుకొచ్చి మా మధ్య పెట్టేసింది. అందులో ఉడకబెట్టిన చిలగడదుంపలున్నాయి. తల్లి ముఖం చిన్నబోయింది.

"ఇవి మీకు పెట్టేవి కావండి అయ్యగారూ. పిల్లలు ఆకలంటే ఉడకేశాను. చవగ్గా దొరికాయి" అన్నది.

మేము ఆ దుంపలే అడిగి తిన్నాం. తింటున్నంతసేపూ ఒక్కటే ఆలోచన. ఆమె దాచిపెట్టినది మంచి ఆహారం, డబ్బు పెట్టి కొని తెప్పించినది అంతకంటే తక్కువది. అయినా సిగ్గుపడినది మాత్రం మంచి ఆహారాన్ని చూసి!

అయితే, ప్రియ పాఠకులారా, ఈ విషయంలో మేమూ ఒక తప్పు చేసినవాళ్ళమే. అంతకు కొన్ని నెలల ముందు, చక్కెర వ్యాధి ఉన్న ఒక పెద్దాయనతో "బంగాళాదుంప మానేసి చిలగడదుంప తినండి, షుగరుకు మంచిదట" అన్నాం. ఎక్కడో విన్న మాటను అలాగే చెప్పేశాం. ఆయన మా మాట మీద గౌరవంతో రోజూ అన్నం తిన్న తరువాత రెండు పెద్ద దుంపలు కాల్చుకొని తిన్నారు. తరువాతి పరీక్షలో చక్కెర బాగా పెరిగింది. "మీరు చెప్పారనే తిన్నానండి" అని ఆయన నెమ్మదిగా అన్నప్పుడు మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మంచి మాటైనా సగం తెలిసి చెబితే చెడే చేస్తుంది. ఆ తరువాతే ఈ రెండు దుంపల సంగతి వైద్యులనడిగి, చదివి తెలుసుకున్నాం. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

బంధుత్వం లేని ఇద్దరు

పేరులో దుంప ఉన్నంత మాత్రాన ఇవి అన్నదమ్ములు కావు. బంగాళాదుంప వంకాయ, టమాటా, మిరప కుటుంబానికి చెందినది. చిలగడదుంప తూటికూర కుటుంబానిది. చిలగడదుంప నిజంగా వేరే, ఆహారం నిలవచేసుకొని లావెక్కిన వేరు. బంగాళాదుంప మాత్రం భూమిలోపల ఊరిన కాండం. దాని మీద కనిపించే కళ్ళు మొలకెత్తేది అందుకే.

రెండూ మన దేశానికి అమెరికా ఖండాల నుండి వచ్చినవే. బంగాళాదుంప పుట్టిల్లు పెరూ, బొలీవియా దేశాల ఆండీస్ పర్వతాలు. మన ప్రాంతాలలో రెండింటికీ ఎన్ని పేర్లో! కోస్తాలో బంగాళాదుంప అన్నది తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. చిలగడదుంపను రాయలసీమవారు గెనుసుగడ్డ అంటారు, తెలంగాణవారు మోరంగడ్డ అనీ రత్నపురి గడ్డ అనీ అంటారు.

బంగాళాదుంపను చులకన చేయడం కూడా తగదు. ఒకప్పుడు ఐర్లండు దేశంలోని పేదలు దాదాపు ఈ ఒక్క దుంప మీదనే బ్రతికారు. 1845లో తెగులు సోకి పంట కుళ్ళిపోవడం మొదలైంది. ఆ తరువాతి కొద్ది సంవత్సరాలలో సుమారు పది లక్షలమంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. ఆ కరువులో చిగుళ్ళనుండి రక్తం కారే స్కర్వీ వ్యాధి కూడా తలెత్తింది. ఎందుకంటే ఆ పేదలకు సి విటమిను అందించినది కూడా బంగాళాదుంపే.

లెక్కలు ఏమంటున్నాయి?

దుంపలను మనం ఎక్కువగా వండుకొనే తింటాం గనుక ఉడికిన దుంపలనే పోల్చి చూద్దాం. తొక్కతో ఉడికించి ఒలిచిన బంగాళాదుంప ఒకవైపు, లోపల నారింజరంగులో ఉండే చిలగడదుంప మరొకవైపు. 100 గ్రాములకు సుమారుగా:

శక్తి: బంగాళాదుంపలో 87 కేలరీలు, చిలగడదుంపలో 76.
పిండిపదార్థాలు (చక్కెరలతో కలిపి): 20 గ్రా., 18 గ్రా.
అందులో చక్కెరలు: 1 గ్రా., 6 గ్రా.
పీచు: 2 గ్రా., 2.5 గ్రా.
మాంసకృత్తులు: 1.9 గ్రా., 1.4 గ్రా.
పొటాషియం: 380 మి.గ్రా., 230 మి.గ్రా.
సి విటమిను: రెండింటిలోనూ 13 మి.గ్రా.

రకాన్ని బట్టి, నేలను బట్టి ఈ అంకెలు కొంత మారుతాయి. అయినా చూడండి, మనం అనుకున్నంత తేడా ఎక్కడుంది? శక్తిలో, పిండిలో రెండూ ఇంచుమించు ఒక్కటే. మాంసకృత్తులలో, పొటాషియంలో బంగాళాదుంప కొంచెం ముందుంది. పీచులో చిలగడదుంప కొంచెం ముందుంది. "అది లావెక్కిస్తుంది, ఇది సన్నబరుస్తుంది" అన్న మాటకు ఈ లెక్కల్లో ఆధారం లేదు.

మరి బంగాళాదుంపకు ఆ చెడ్డపేరు ఎలా వచ్చింది? దుంప వల్ల కాదు, మూకుడు వల్ల. అదే దుంపను పలుచగా తరిగి నూనెలో వేయించి చిప్సు చేస్తే 100 గ్రాములకు సుమారు 530 కేలరీలవుతాయి. అందులో మూడోవంతు నూనే. పైగా ఉప్పు. చిలగడదుంపను చిప్సు చేసినా ఇదే కథ.

ఎ విటమిను దగ్గరే అసలు తేడా

లోపల నారింజరంగు గల చిలగడదుంపలో బీటా కెరోటిన్ అనే పదార్థం సమృద్ధిగా ఉంటుంది. మన శరీరం దానిని ఎ విటమినుగా మార్చుకుంటుంది. ఉడికిన 100 గ్రాములలో సుమారు 790 మైక్రోగ్రాముల ఎ విటమినుకు సమానమైనంత ఉంటుంది. ఒక చిన్నబిడ్డకు ఆ రోజుకు కావలసినది అందులోనే దొరుకుతుంది. బంగాళాదుంపలో ఎ విటమిను దాదాపు లేనట్లే.

ఎ విటమిను లోపిస్తే రేచీకటి వస్తుంది, ముదిరితే చూపే పోతుంది, అంటురోగాలను తట్టుకొనే శక్తి తగ్గుతుంది. మన దేశంలో పసిపిల్లలకు ఎ విటమిను ద్రావణం పోసే కార్యక్రమం 1970లో మొదలైనది ఇందుకే. ఆఫ్రికా దేశాలలో ఈ లోపాన్ని ఎదుర్కోవడానికి నారింజరంగు చిలగడదుంపను పల్లెపల్లెకూ చేర్చారు. ఆ కృషి చేసిన మరియా ఆండ్రాడే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో అనే శాస్త్రజ్ఞులకు, పంటలలోనే పోషకాలను పెంచే పనికి నాయకత్వం వహించిన హోవర్త్ బూయిస్‌తో కలిపి, 2016లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన సంతలలో ఎక్కువగా దొరికేది పైన ఎర్రతొక్క, లోపల తెల్లని గుజ్జు ఉన్న రకం. దానిలో బీటా కెరోటిన్ చాలా స్వల్పం. తొక్క రంగు చూసి మోసపోకండి, లోపలి రంగు చూడండి. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థ 'భూ సోనా' అనే నారింజరంగు రకాన్ని, 'భూ కృష్ణ' అనే ఊదారంగు రకాన్ని విడుదల చేసింది. రైతు సోదరులు వీటిని గూర్చి తమ వ్యవసాయాధికారులను అడగవచ్చు. తెల్లరకమే దొరికితే విచారించనక్కరలేదు. మునగాకు, తోటకూర, క్యారెట్ ఆ లోటు తీరుస్తాయి. బీటా కెరోటిన్ ఒంటబట్టాలంటే ఆ పూట ఆహారంలో కొద్దిగా నూనెగాని నెయ్యిగాని ఉండాలి.

చక్కెర వ్యాధి ఉన్నవారికి

మేము తప్పు చెప్పినది ఇక్కడే. చిలగడదుంపను నీళ్ళలో ఉడికిస్తే రక్తంలో చక్కెర కొంత నిదానంగా పెరుగుతుంది. అదే దుంపను నిప్పులమీద చాలాసేపు కాలిస్తే, లోపలి పిండిలో కొంతభాగం చక్కెరగా మారి చక్కెర వేగంగా పెరుగుతుంది. కాల్చిన దుంప అంత తియ్యగా ఉండేది అందుకే.

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. దుంప ఏదైనా అది కూర లెక్కలోకి రాదు, అన్నం లెక్కలోకి వస్తుంది. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినమని చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండు దుంపలనూ అందులో కలపలేదు. 100 గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. దుంప తిన్నరోజు అన్నం ఆ మేరకు తగ్గించాలి. అన్నానికి తోడు దుంప తింటే రెండు పూటల పిండి ఒకే పూట తిన్నట్లు. ఆ పెద్దాయన విషయంలో జరిగింది ఇదే. ఇప్పుడాయన తమ వైద్యుని సలహాతో, అన్నం తగ్గించుకొని, ఉడికించిన చిన్న దుంప ఎప్పుడైనా ఒకటి తింటున్నారు.

మూత్రపిండాల జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని వైద్యులు చెప్పినవారు ఏ దుంపైనా అడిగే తినాలి.

గృహిణులకు కొన్ని సూచనలు

1. బంగాళాదుంపను వీలైనంతవరకు తొక్కతోనే ఉడికించండి. ముక్కలు కోసి నీళ్ళలో నానబెడితే సి విటమిను నీళ్ళపాలవుతుంది.

2. పచ్చబడిన, చేదుగా ఉన్న బంగాళాదుంపలు పిల్లలకు పెట్టకండి. ఆ పచ్చదనంలో, మొలకల్లో సోలనిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఉడికించినా పోదు.

3. పురుగు తొలిచిన, నల్లబడి చేదెక్కిన చిలగడదుంపను నిస్సంకోచంగా పారవేయండి.

4. రెండింటినీ ఫ్రిజ్‌లో పెట్టకండి. గాలి తగిలే చీకటి చోట ఉంచండి.

5. చిలగడదుంప లేత ఆకు పప్పులో వండుకోవచ్చు. బంగాళాదుంప ఆకు మాత్రం విషం, ముట్టకండి.

6. ఏ దుంపలోనూ మాంసకృత్తులు చాలినంత లేవు. పప్పో, గ్రుడ్డో, వేరుశనగలో, పాలో తోడుండాలి.

ఏది గొప్పది?

ఎ విటమిను కోసమైతే నారింజరంగు చిలగడదుంప. మిగిలిన చాలా విషయాలలో రెండూ ఇంచుమించు సమానమే. ఏ రోజుల్లో ఏది చవకగా, తాజాగా దొరికితే అది తెచ్చుకోండి. దుంపను ఎన్నుకొనేదానికంటే దానిని ఎలా వండాం, ఎంత తిన్నాం, దేనితో తిన్నాం అన్నదే మన ఆరోగ్యాన్ని నిర్ణయిస్తుంది.

మొన్న మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాం. ఈసారి ఎవరినీ కొట్టుకు పంపలేదు. ఆ తల్లి పొగలు కక్కుతున్న చిలగడదుంపలను, గుప్పెడు వేయించిన వేరుశనగలతో కలిపి, మంచి పళ్ళెంలో తెచ్చి అందరి ముందూ పెట్టింది. చిన్నపిల్ల మాకంటే ముందే ఒకటి తీసుకుంది.