గుఱ్ఱపు బాటలు – ఇరుగుపొరుగువారి ధర్మము

ఇంగ్లండు, వేల్సు దేశములలో పొలముల నడుమను తోటల ప్రక్కను పోవు గుఱ్ఱపు బాటలు పెక్కు గలవు. వీనిపై గుఱ్ఱము నెక్కి పోవుటకును, కాలినడకను పోవుటకును సర్వజనులకు హక్కు కలదు. 1968వ సంవత్సరపు చట్టముచే సైకిలు నెక్కినవారికిని ఈ హక్కు లభించెను. కాని వారు పాదచారులకును రౌతులకును దారి యీయవలెను. బాట యందఱిది, క్రింది నేల మాత్రము తఱచుగా ఒక రైతుదో గృహస్థునిదో యగును. కావున రౌతు క్షేమము సగము తన చేతిలోను, సగము పొరుగువారి చేతిలోను ఉన్నది.

ముందుగా గుఱ్ఱముయొక్క స్వభావమును గ్రహింపవలెను. అది క్రూరమృగముల కాహారమగు జంతువు. పోరాటముకంటె పరుగే దానికి రక్ష. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే చుట్టును చాలమేర చూడగలదు గాని, సరిగా నుదుటి యెదుటను తోక వెనుకను ఉన్నది దానికి గానరాదు. చెవులు మిక్కిలి చుఱుకు. అందుచే కంచె చాటున కుక్క మొఱిగినను, బాణసంచా ప్రేలినను, గోనె గాలికి రెపరెపలాడినను అది ప్రక్కకు దుమికి పరుగెత్తును. సుమారు 500 కిలోగ్రాముల జంతువు బెదరి పరుగిడునపుడు కళ్ళెము పట్టిన చేతికి దాని నాపుట దుస్సాధ్యము.

పొరుగువారివలన గలుగు అపాయములలో పెక్కు ద్వేషమువలన గాక ఎఱుకలేమివలన గలుగును. తోటలో కోసిన పచ్చికను దయతోనే గుఱ్ఱములకు వేయువారు కలరు. కుప్పపడిన పచ్చిక పులిసి తీవ్రమగు కడుపునొప్పి కలిగించును. గుఱ్ఱము వాంతి చేసికొనజాలదు గనుక అది ప్రాణాంతకము కావచ్చును. యూ అను చెట్టు కొమ్మలైనచో కొలదిపాటి మేతయే చంపును.

చట్టమును కొన్ని మేరలు విధించినది. 1980వ సంవత్సరపు మార్గముల చట్టము ననుసరించి బాటపై నుండు తలుపు 5 అడుగులకు తక్కువ వెడల్పుగా నుండరాదు; హానికరమగు ముండ్లతీగను తొలగింపుమని అధికారులు ఉత్తరువు చేయవచ్చును. 1981వ సంవత్సరపు చట్టము ననుసరించి పది నెలలు మించిన పాడిజాతి ఆబోతును బాట పోవు పొలములో విడువరాదు. 2022 జనవరి 29 నుండి అమలులోనున్న మార్గనియమములు, మోటారు నడుపువారు గుఱ్ఱమును దాటునపుడు గంటకు 10 మైళ్ళు మించక, కనీసము 2 మీటరుల యెడముగా పోవలెనని చెప్పుచున్నవి.

రౌతునకును విధులు కలవు. శిరస్త్రాణము ధరింపవలెను, రహదారులపై 14 ఏండ్లలోపు పిల్లలకు 1990వ సంవత్సరపు చట్టము దీనిని నిర్బంధము చేసినది. బాట విడిచి పైరును త్రొక్కరాదు. తెఱచిన తలుపును మూయవలెను. నడచువారిని సమీపించునపుడు మెల్లగా పోవలెను. వివాదము పుట్టినచో మొదట సౌమ్యముగా మాటలాడి, అది ఫలింపనిచో స్థానికాధికారులకు తెలుపుట యుక్తము. 1947లో స్థాపితమైన బ్రిటిషు అశ్వసంఘము ఇట్టి ప్రమాదముల సమాచారమును సేకరించుచున్నది.

విద్యార్థులారా! మన యూళ్ళలో నిట్టి బాటలు లేకున్నను, ఎద్దుబండ్ల ప్రక్కను గేదెల మందల నడుమను టపాకాయలు కాల్చుట, కుక్కల నుసికొల్పుట మన మెఱుగనివి కావు. నోరులేని జీవి బెదరినచో పడువాడు దానిపైనున్న మనుష్యుడు. మనకు వినోదమగునది పొరుగువానికి ప్రాణాపాయము కాకుండ చూచుకొనుటయే మంచి పొరుగుతనము.