సోదా వేరు, తలవంపు వేరు

మా గోదావరిఖనిలో భూగర్భగనిలోనికి దిగబోవు వానిని ముందుగా సోదా చేయుట నియమము. అగ్గిపెట్టె గాని, బీడీ గాని జేబులో నుండరాదు. గనిలోని వాయువు అంటుకొనుటకు ఒక్క నిప్పురవ్వ చాలును. కావున చేతులు చాచి నిలిచిన కార్మికునికి ఆ సోదాలో అవమానము తోచదు. అది తన ప్రాణముకొరకేయని అతడెరుగును. తన వెనుక వచ్చువానికిని అదే సోదాయని ఎరుగును.

ఈ ప్రాంతపు బిడ్డలే పొట్టచేత పట్టుకొని దుబాయికిని, మస్కటుకును పోవుచున్నారు. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరువబడిన పిదప వారిలో పెక్కురు గడప దాటుచున్నది అచ్చటనే. పదవ తరగతి గట్టెక్కనివాని పాస్‌పోర్టుపై వలస తనిఖీ అవసరమను ముద్ర యుండును. 1983 నాటి వలస చట్టము ననుసరించి, అట్టివాడు గల్ఫు మొదలగు కొన్ని దేశములకు కొలువుకై పోవలెనన్న వలసదారుల సంరక్షకాధికారి అనుమతి పొందవలెను. ఏజెంట్ల మోసములనుండి కాపాడుటయే ఈ నిబంధన ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని కాపాడవలసిన ముద్రయే కొన్ని చోట్ల మనిషిని చులకన చేయుచున్నది.

కొన్నేండ్ల క్రిందట ఒక విమానాశ్రయములో నా ముందు నిలిచిన యువకుడు మా వైపువాడే. "ఎక్కడికిరా? ఎవడు పంపుతున్నడు? కాగితాలు తియ్" అని అధికారి గద్దించెను. ఆ పిల్లవాడు వణకుచేతులతో కాగితములన్నియు బల్లపై పరచెను. అన్నియు సక్రమముగనే యున్నవి. అతడు నమస్కరించి వెడలెను, అధికారి తలయెత్తలేదు. పిదప నా వంతు. "ఎక్కడికి వెళ్తున్నారండీ?" అని అదే నోరు పలికెను. నా పాస్‌పోర్టులో ఉన్న ఆధిక్యమేమి? ఆ ముద్ర లేకపోవుటయే! ఏండ్ల తరబడి ఏకవచన బహువచనముల పాఠము చెప్పుచున్న నాకు వాని భేదము ఆనాడు తెలిసినంతగా ఎన్నడును తెలియలేదు.

2018 జనవరిలో కేంద్రప్రభుత్వము ఇట్టివారికి నారింజరంగు అట్టగల పాస్‌పోర్టు నిచ్చెదమని ప్రకటించెను. చదువులేమిని అట్టపైననే చాటుట తగదని నిరసనలు చెలరేగగా, ఆ నెల ముగియకముందే ఆ యోచన విరమించుకొనెను. అట్టరంగు మారకుండుట మేలే. మారవలసినది చూచు కంటిలోని రంగు.

చదువుకొన్నవారికిని పరాయి గడపలయొద్ద ఈ బాధ తప్పలేదు. అమెరికాలో వీసా యున్నంతమాత్రమున ప్రవేశము నిశ్చయము కాదు. విమానాశ్రయములోని అధికారియు ఒప్పవలెను. 2015 డిసెంబరులో వీసాలు పొందిపోయిన తెలుగు విద్యార్థులు కొందరిని ప్రశ్నించి, శాన్‌ఫ్రాన్సిస్కోనుండి తిరుగు విమానమెక్కించిరి. నాడు మనమెంతయో ఉడికిపోతిమి. ఉడుకవలసినదే. కాని మన గడపయొద్ద మనవాడే మన కూలిబిడ్డను "రా" యని పిలిచినప్పుడు, వరుసలో నిలిచిన మనలో ఎవరు నోరు మెదపితిమి? నేనును మెదపలేదు.

సరిహద్దున కాపలా వలదని ఎవరనగలరు? దొంగ వీసాలు కలవు, మోసగాండ్రు కలరు. అడుగవలసినదే, వెదకవలసినదే. అయితే మా గని ముఖద్వారమున వలె అందరికి ఒకే నియమము పాటించి, కారణము చెప్పి, "మీరు" అని అడిగిన ఏ రాజ్యమునకు నష్టము?