పికప్‌కి పెద్ద బాడీ వేయిస్తే ఎక్కువ లోడ్ లాగుతుందా? లెక్క వేసి చూద్దాం

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ స్పెక్సే చూస్తాం కదా, ఈసారి ఒక పికప్ స్పెక్ షీట్ చూద్దాం. మా నర్సీపట్నంలో రోడ్డు మీద నిలబడితే ఫోన్ల కంటే ఇవే ఎక్కువ కనిపిస్తాయి. చింతపల్లి వైపు నుంచి కూరగాయలు, ఊళ్ల నుంచి బెల్లం, గడ్డి, అన్నీ వీటి మీదే.

మా బాబాయ్‌కి తొమ్మిదడుగుల తొట్టి ఉన్న బండి ఉంది. "పన్నెండడుగులది వేయించేస్తే డీజిల్ మిగులుద్ది, నువ్వు ఇంజనీరువి కదా, లెక్కేసి చెప్పు" అన్నాడు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ అంటే వినడు. సరే, ఎక్సెల్ తీశా.

ముందు జీవీడబ్ల్యూ సంగతి. అంటే బండి, సరుకు, మనుషులు అన్నీ కలిపి ఆర్‌సీలో రాసి ఉన్న గరిష్ఠ బరువు. తొట్టి మారినా ఆ నంబర్ మారదు. కొత్త బాడీ ఇనుము 150 కిలోలు ఎక్కువ ఉంటే, 1300 కిలోల పేలోడ్ కాస్తా 1150 అవుతుంది. పెద్ద మెమరీ కార్డ్ వేసినంత మాత్రాన ప్రాసెసర్ మారదు కదా, ఇదీ అంతే. ఇక్కడైతే పైగా స్పీడ్ తగ్గినట్టు!

అసలు ఉన్న తొట్టే చాలా పెద్దది. 9 అడుగుల పొడవు, 5.5 వెడల్పు, 1.5 ఎత్తు అనుకుంటే సుమారు 74 ఘనపుటడుగులు. ఇసుక ఘనపుటడుగు దాదాపు 45 కిలోలు. నిండా పోస్తే 3.3 టన్నులు! సగం నిండకుండానే లిమిట్ దాటేస్తుంది. కాబట్టి పెద్ద తొట్టి వల్ల లాభం గడ్డి, మరమరాలు, ఖాళీ క్రేట్ల లాంటి తేలిక సరుకుకే.

ఇప్పుడు అసలు ప్రమాదం. ముందు క్యాబిన్ ఉంది కాబట్టి పెంచే మూడడుగులూ వెనక్కే పోతాయి. వీల్‌బేస్ 3 మీటర్లు అనుకోండి. ఆ చివరి మూడడుగుల్లో 300 కిలోలు పెడితే, దాని మధ్య బిందువు వెనక యాక్సిల్‌కి సుమారు 1.5 మీటర్లు అవతల ఉంటుంది. చిన్నప్పటి ఊగుడుబల్ల సూత్రమే. ముందు చక్రాల మీద 150 కిలోలు తగ్గుతుంది, వెనక యాక్సిల్ మీద 450 పెరుగుతుంది. ముందు బరువు తగ్గితే స్టీరింగ్ తేలిపోతుంది, ముందు బ్రేకులకి పట్టు తగ్గుతుంది. లంబసింగి ఘాట్ ఎక్కేటప్పుడు బరువు ఇంకా వెనక్కి జారుతుంది. తడి మలుపులో స్టీరింగ్ తిప్పినా బండి తిరక్కపోతే పక్కన లోయే. కమాన్లకి ఇంకో పట్టీ వేయిస్తే సరిపోద్ది అంటారు షెడ్డుల్లో. అది బండి కూర్చోకుండా ఆపుతుందేమో గానీ బ్రేకుల్ని, యాక్సిల్‌ని పెంచదు.

రూల్స్ కూడా ఇదే లెక్క మీద ఉన్నాయి. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 93వ రూల్ ప్రకారం వెనక ఓవర్‌హ్యాంగ్ వీల్‌బేస్‌లో 60 శాతం దాటకూడదు. 3 మీటర్లకి 1.8. ఇప్పటికే 1.1 ఉన్న బండికి మూడడుగులు కలిపితే 2 మీటర్లు. అక్కడే ఫెయిల్. ఇక మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్‌సీ వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5,000 జరిమానా లేదా ఆర్నెల్ల వరకూ జైలు, లేదా రెండూ. ఓవర్‌లోడ్‌కి 20,000, పైన ప్రతి టన్నుకి 2,000. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేదీ ఆర్‌సీయే.

నిజంగా పొడవు కావాలంటే కంపెనీ నుంచే అలా వచ్చే బండి చూడటం నయం. మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్‌లో 3050 మిల్లీమీటర్ల తొట్టి, 2 టన్నుల పేలోడ్ దాకా వేరియంట్లు ఉన్నాయి. దానికి తగ్గ యాక్సిల్, బ్రేకులు కూడా దానితోనే వస్తాయి.

షెడ్డుకి అడ్వాన్స్ ఇచ్చే ముందు మాత్రం ఒక పని చేయండి. మామూలుగా వేసే లోడ్‌తోనే కాటాకి వెళ్లి, ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి విడిగా తూయించండి. ఆ రెండు అంకెల్నీ ఆర్‌సీ పక్కన పెట్టి చూడండి.