మీకు తెలుసా? జిల్లేడు మేయు మిడత

పశువులు సాధారణముగా ముట్టని జిల్లేటి యాకును మేసి, అందలి విషమును తన దేహముననే దాచుకొని, దానినే ఆత్మరక్షణకు ఆయుధముగఁ జేసికొను మిడత మన దేశమునఁ గలదు. గుత్తి దుర్గము చుట్టును వానలు మొగము చాటుచేసిన యేఁడు గూడ పచ్చగా నిలుచునది జిల్లేడే. అట్టి మెట్టసీమల పొదలపైఁ బసుపు, నీలి చారలతోఁ దీరికగాఁ జిత్రించినట్లు కనబడు ఈ జీవికి శాస్త్రజ్ఞులు ‘పిక్టస్’ అనఁగా ‘చిత్రింపఁబడినది’ అను పేరిడిరి. ఎంత తగిన పేరు! దీని పిల్లను వ్రేళ్లతో నొక్కినచో వీఁపునుండి ద్రవమును కొన్ని యంగుళముల దూరము చిమ్మును. ఉత్తర అమెరికా పచ్చికబయళ్లలో, జిల్లేటి బంధువులైన పాలమొక్కలపైఁ బెరుగు మొనార్క్ సీతాకోకచిలుకయు నిట్లే విషధారి. బాలలారా, ఈ మిడత కనబడినఁ బట్టుకొనక, కన్నులారఁ జూచి విడువుఁడు.